కాగితంలో లేని పొయ్యి

దైవాధీనం మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కాగితం మీద ఏం రాసి ఉంటే అదే చేస్తారు. రాయనిది చచ్చినా చెయ్యరు.

ఇంకెవరికైనా ఉంటే ఇదేమంత పెద్ద జబ్బు కాదు. కానీ ఆయన అరకులోయలో ఒక చిన్న పాలిటెక్నిక్‌లో టెక్నికల్ రైటింగ్ చెప్పే మాస్టారు. యంత్రం ఎలా నడపాలి, మందు ఎంత కలపాలి, పని ఎలా మొదలుపెట్టాలి అన్నది ఎదుటివాడికి అర్థమయ్యేలా కాగితం మీద పెట్టడం నేర్పడమే ఆయన ఉద్యోగం. పిల్లలు రాసిచ్చింది తరగతిలోనే, అందరి ఎదురుగా, అక్షరం పొల్లుపోకుండా చేసి చూసేవారు. ఆ తర్వాతే మార్కులు. ఆ సబ్జెక్టు పాసవుతావా అని ఎవరినైనా అడిగితే, 'అంతా దైవాధీనం' అని చేతులు పైకెత్తడం కాలేజీలో అలవాటైపోయింది.

ఆయన రిటైరై కురుపాం వెళ్లిపోయి రెండేళ్లయింది. ఆ గదిలోకి ఇప్పుడు తెల్లటి తెర వచ్చింది, కొత్త బల్లలొచ్చాయి. మార్కులు కంప్యూటర్లో వాటంతటవే పడిపోతాయట. అటువైపు వెళ్లినప్పుడల్లా ఫల్గుణ జీపు ఆపి, కిటికీలోంచి తొంగి చూస్తాడు. పిల్లలు బుద్ధిగా కూర్చుని ఉంటారు. ఎవరూ ఎవరినీ తిట్టరు, ఎవరూ పచ్చి రవ్వ తినరు. 'ఏటో, ఉప్పు లేని సదువు' అనుకుని ముందుకు పోతాడు.

ఈ ఫల్గుణ మాస్టారి శిష్యుడే. చదువు ఆఖరి మెట్టు మీద మానేసిన ఘనుడు. ఆ మాట మీరు అంటే ఒప్పుకోడు. "అందరికీ కాలేజీ టీసీ ఇత్తాది. కాలేజీకే టీసీ ఇచ్చినోడిని నానొక్కడినే" అంటాడు. స్టేషన్ దగ్గర టూరిస్టులను జీపు ఎక్కించుకుని తిప్పిన ఆరేళ్లలో అతను కొయ్యని కోత లేదు. వాగులో ఉన్న ఒక నున్నటి బండను తన ముత్తాత అరిచేత్తో అరగదీశాడని చెప్పి, పట్నం నుంచి వచ్చిన ఓ కుటుంబం చేత దానికి కొబ్బరికాయ కొట్టించాడు. అలాంటివాడు కూడా మాస్టారి గురించి చెప్పేటప్పుడు మాత్రం కోతలు కొయ్యడు. అవసరం లేదు. ఉన్నదున్నట్టు చెబితేనే ఎవరూ నమ్మరు.

ఉప్మా సంగతే చూడండి. ఫల్గుణ తరగతిలో రాజకుమారి అని ఒక పిల్ల ఉండేది. కొండ అవతలి ఊరు. ఇంట్లో మాట్లాడుకునేది కువి భాష. తెలుగు వచ్చు గానీ, నోరు తెరిస్తే ఎవరు నవ్వుతారోనని మూడు నెలల పాటు హాజరుకి కూడా చెయ్యెత్తి ఊరుకునేది. ఒకరోజు ఆ పిల్ల ఉప్మా చేసే పద్ధతి రాసి ఇచ్చింది. 'రవ్వ వేయించాలి. ఉల్లిపాయ, మిరపకాయ వెయ్యాలి. నీళ్లు పోసి కలిపి దించాలి.' అంతే. మాస్టారు బల్ల మీద స్టవ్ పెట్టారు, దాని మీద మూకుడు పెట్టారు, రవ్వ పోసి గరిటె తిప్పడం మొదలుపెట్టారు.

పావుగంట తిప్పారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. రవ్వ మాత్రం చల్లగా ఉంది. తర్వాత పొట్టుతో సహా నిండు ఉల్లిపాయ ఒకటి మూకుట్లో పడింది. దాని పక్కన తొడిమతో ఓ మిరపకాయ. చెంబెడు నీళ్లు కుమ్మరించి, ఆ ఉల్లిపాయను రవ్వబురదలో దొర్లిస్తూ, "ఇదేనా అమ్మా ఉప్మా?" అని అడిగారు.

రాజకుమారి ఇక ఉండబట్టలేకపోయింది. "స్టవ్ ఎలిగించండి సార్."

"కాగితంలో లేదుగా."

"ఉల్లిపాయ కొయ్యాల."

"అదీ లేదుగా."

"అందరికీ తెలిసిందే కద సార్ అది."

"నాకు తెలీదుగా."

ఆ పిల్ల చరచరా వచ్చి గరిటె లాక్కుంది. "మీకు ఏటీ రాదు. అవతలకి జరగండి" అంది. మాస్టారు బుద్ధిగా జరిగారు. మూడు నెలల్లో ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాటలు అవే. ఆ తర్వాత ఆ నోరు మూయించడానికి ఎవరి తరమూ కాలేదనుకోండి. కానీ ఆ పూట అదెవరు గమనించారు? అందరి చూపూ మాస్టారు నమిలి మింగిన రెండు చెంచాల పచ్చి రవ్వ మీదే.

ప్రిన్సిపాల్ వరహాలరావు గారికి ఈ జబ్బు సంగతి సైకిల్‌తో తెలిసింది. వరండాలో ఆయనే ఒక నోటీసు అంటించారు. 'సైకిళ్లు ఇక్కడ నిలుపరాదు. ఆఫీసు గదిలో సంప్రదించవలెను.' అది చదివిన మాస్టారు సైకిల్‌ను భుజానికెత్తుకుని, ఆఫీసు గదిలోకి మోసుకెళ్లి, ప్రిన్సిపాల్ ఎదురుగా కుర్చీకి ఆనించి నిలబెట్టారు.

"ఏమిటండీ ఇది?"

"సంప్రదించడానికి తీసుకొచ్చానండి."

"ఎవరు సంప్రదించాలి?"

"అది రాయలేదండి. అందుకే ఇద్దరం వచ్చాం."

ఫల్గుణ వాళ్ల ఆఖరి ఏడాదిలో బోర్డు నుంచి మార్కుల పట్టిక వచ్చింది. టెక్నికల్ రైటింగ్‌కి మొత్తం యాభై. అందులో భావ వ్యక్తీకరణకి ఇరవై అయిదు, ప్రపంచ అవగాహనకి ఇరవై అయిదు. రెండూ కలిపి ఇరవై వస్తే పాసు. వరహాలరావు గారు మాస్టారిని పిలిచి, "పెద్దగా బుర్ర పాడుచేసుకోకండి. ప్రపంచ అవగాహన అంటే బ్రెజిల్ రాజధాని ఏదని అడగండి. చెబితే ఇరవై, చెప్పకపోతే పద్దెనిమిది వేసెయ్యండి. సాయంత్రం బస్సుకి పంపెయ్యాలి" అన్నారు.

"ఆ మాట కాగితంలో లేదుగా అండీ" అన్నారు మాస్టారు. ప్రిన్సిపాల్ గారు తల పట్టుకున్నారు.

సరిగ్గా ఆ పట్టిక కిందే పడి నలిగాడు ఫల్గుణ. అతను రాసింది కాఫీ పండుకి తొక్క తీసే పద్ధతి. చిన్నప్పటి నుంచి చేసిన పనే కదా, నడుం మీద చెయ్యేసుకుని మరీ చదివి వినిపించాడు. 'సంతకి ముందు రోజు ఎర్రటి పండ్లు కోయాలి. సంత నుంచి వచ్చాక పల్పర్‌లో పోసి తొక్క తీయాలి.' వాళ్ల ఊళ్లో అందరూ చేసేది అలాగే. పొద్దున్నే సంత, సాయంత్రం తొక్క. మాస్టారు గంపెడు పండ్లు కోయించి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఏ సంత ఫల్గుణా?"

"సంతంటే సంతే సార్. సుక్కురారం."

"కాగితంలో లేదుగా." తరగతి వైపు తిరిగారు. "మీ ఊరి సంత ఏ వారం?"

రాజకుమారి వాళ్లది బుధవారం. వెనక బల్లవాళ్లది ఆదివారం. కిటికీ పక్కవాళ్లది మంగళవారం. ఒక్కో కొండకి ఒక్కో వారం. "ఎవరి సంతో రాయలేదు కాబట్టి, అందరి సంతలూ అయ్యేదాకా ఆగాలి" అని తేల్చేసి, గంపను అక్కడే ఉంచేశారు.

మూడో రోజుకి గంప పులిసింది. నాలుగో రోజుకి పొంగింది. అయిదో రోజుకి ఈగలు సరిపోక, సరిహద్దు దాటి ఒడిశా నుంచి కూడా వచ్చాయని ఫల్గుణ చెబుతాడు. ఇది మాత్రం కోతే. మాస్టారు మాత్రం ఏ తరగతికి వెళ్తే ఆ తరగతికి ఆ గంపను చంకనెత్తుకుని తిరిగారు. వరహాలరావు గారు ముక్కుకి రుమాలు కట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఏమిటయ్యా ఈ కంపు?"

"సంత కోసం ఆగుతున్నానండి."

"ఏ సంత?"

"నేనూ అదే అడుగుతున్నానండి."

ఫల్గుణకి పడ్డ మార్కులు పదకొండు. భావ వ్యక్తీకరణకి పదకొండు, ప్రపంచ అవగాహనకి సున్నా. అతను మండిపడ్డాడు. "బ్రెజిల్ రాజధాని నాకు తెలుసు సార్, సెప్పమంటారా?"

"వద్దు. రాజకుమారి వాళ్ల సంత బుధవారమని నీకు మొన్నటిదాకా తెలుసా?"

ఊళ్లో అందరికంటే ముందు తనే పాలిటెక్నిక్ చదివానని చెప్పుకు తిరిగినవాడు, పదకొండు మార్కుల కాగితం పట్టుకుని ఇంటికెలా వెళ్తాడు? మర్నాడే కాలేజీకి టీసీ ఇచ్చేశాడు. మిగిలిన సబ్జెక్టులన్నీ పాసే. ఆ ఒక్కటీ అలా ఉండిపోయింది.

జీపు బాగానే నడిచింది. కోతలూ బాగానే నడిచాయి. టూరిస్టులు పగలబడి నవ్వేవారు, దిగేవారు, వెళ్లిపోయేవారు. మళ్లీ కనబడేవారు కారు. తను చెప్పింది చెప్పినట్టు వినేసి తలూపేవారే గానీ, 'ఆగు, ఇదెలా కుదురుతుంది' అని అడిగిన మనిషి ఆరేళ్లలో ఒక్కడు తగల్లేదు. ఖాళీ జీపుతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఫల్గుణకి ఆ గది గుర్తొచ్చేది. ఆ కంపు కూడా గుర్తొచ్చేది. అది కూడా బాగుండేదనిపించేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

అలా ఉండగా ఒక నవంబరులో మూడు కబుర్లు ఒకేసారి వచ్చాయి. రైతుల సంఘం కొత్తగా పెట్టిన పల్పింగ్ యూనిట్‌కి సూపర్‌వైజర్ కావాలట, డిప్లొమా ఉండి తీరాలట. పాత సిలబస్‌లో సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్లకి అదే ఆఖరి అవకాశమట. డిసెంబరు నెలాఖరుకి దైవాధీనం మాస్టారు రిటైరవుతున్నారట. ఫల్గుణ జీపు తీసుకుని నేరుగా కాలేజీకి వెళ్లాడు.

మాస్టారు కళ్లజోడు పైనుంచి చూశారు. "ఏరా, కాలేజీకి టీసీ ఇచ్చావటగా. మళ్లీ ఎందుకొచ్చావు?"

"ఇచ్చింది ఎనక్కి తీసుకుందామని సార్."

"ఏం రాస్తావు?"

"మీరు ఏది సెప్తే అది."

"అదే రాయి. కాఫీ తొక్క. ఈసారి తరగతిలో కాదు. పై కొండ మీద సోములమ్మ ఉంది. సంఘం వాళ్లు పోయిన వారమే ఆమెకు చేత్తో తిప్పే పల్పర్ ఇచ్చారు. ఇంకా ముట్టుకోలేదు. ఈ ఏటి మొదటి కోత ఆ యంత్రంలో పోస్తుంది. నీ కాగితం నేను చదువుతాను, ఆమె చేస్తుంది. నువ్వు నోరు తెరవకూడదు."

"మధ్యలో ఏటైనా తేడా వత్తే?"

"తెరవకూడదు. కాగితం ఎక్కడికి వెళ్తే అక్కడికల్లా వెనకాల నువ్వు వెళ్లలేవుగా."

ఫల్గుణ ఆ కాగితం పదకొండు సార్లు రాశాడు. పదకొండు సార్లూ కొట్టేశాడు. సంత అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. పన్నెండోది పట్టుకుని, మాస్టారిని జీపులో ఎక్కించుకుని, దారి ఆగిపోయినచోట దిగి, ఇద్దరూ నడిచి కొండెక్కారు.

సోములమ్మ గట్టి మనిషి. అరవై దాటినా నడుం వంగలేదు. ముంగిట్లో యంత్రం, పక్కన నిండు గంప. గింజ నలిగితే ఆమె మొదటి కోత పాడు, ఫల్గుణ ఆఖరి అవకాశం పాడు. మాస్టారు కాగితం విప్పి చదవడం మొదలుపెట్టారు.

"పండ్లు కోసిన రోజే ఈ పని చెయ్యాలి."

"ఇయ్యాల పొద్దున్నే కోసినాను."

"నీళ్లలో పోసి, తేలినవాటిని తీసెయ్యాలి."

తీసేసింది.

"యంత్రంలోంచి గింజలు జారే వైపు ఖాళీ బుట్ట పెట్టాలి."

పెట్టింది.

"పండ్లు పైన పోసి, పిడి తిప్పాలి."

సోములమ్మ పిడి పట్టుకుని, అటు తిప్పాల్సింది ఇటు తిప్పింది. యంత్రం గర్రుమంది. గింజా రాలేదు, తొక్కా రాలేదు. ఎటు తిప్పాలో కాగితంలో లేదని ఫల్గుణకి అప్పుడు తెలిసింది. మాటలు పెదాల దాకా తన్నుకొచ్చాయి. భుజం మీద తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

"ఏటి బాబూ, ఈ గుంటడికి పన్ను నొప్పేటి?" అంది సోములమ్మ.

"కాదమ్మా. మాటలు ఆగిపోయి ఉబ్బాడు."

ఆమె పిడి వైపు ఒకసారి చూసింది, యంత్రం వైపు ఒకసారి చూసింది, వెనక్కి తిప్పింది. తొక్క ఒకవైపు, గింజ ఒకవైపు జలజలా రాలాయి.

"వెనక్కి తిప్పమని కాగితంలో లేదుగా సోములమ్మా?" అన్నారు మాస్టారు.

"నేకపోతే? రాసినోడు మర్సిపోతే నా బుర్ర కూడా మర్సిపోవాలేటి?"

సగం గంప అయ్యేసరికి లోపల టక్కుమంది. పిడి బిగుసుకుపోయింది. పండ్లతో పాటు ఒక రాయి పడింది. సోములమ్మ తొట్టిలోకి చెయ్యి పెట్టబోయింది. మాస్టారు గబగబా కింది వరుస చదివారు. "యంత్రం బిగుసుకుపోతే లోపల చెయ్యి పెట్టకూడదు. మెకానిక్‌ని పిలవాలి."

సోములమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఓ బాబూ, రండి."

"ఎవరిని పిలుస్తున్నావు?"

"మెకానిక్‌ని పిలవమన్నారు కదా. పిలిచినాను."

మాస్టారు ఫల్గుణ వైపు చూశారు. కాగితం వైపు చూశారు. పాపం, ఏం చేస్తారు? రాసి ఉంది కదా. భుజాన ఉన్న గుడ్డ సంచిలోంచి రెండు రెంచీలు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు బోల్టులు విప్పి, రాయి తీసి అవతల పడేసి, లోపలి రేకును గోటి మందాన జరిపి, మళ్లీ బిగించారు. పిడి గాలిలో తిరిగినట్టు తిరిగింది. ఇదంతా ఫల్గుణ తువ్వాలు నోట్లోంచి తీసుకునేలోపు అయిపోయింది.

"సార్," అన్నాడు ఫల్గుణ. "మీరా మెకానిక్?"

"కాగితంలో ఉందిగా."

"ఇదేటి, నీకు తెల్దేటి?" అంది సోములమ్మ. "పదేళ్ల బట్టి ఈ కొండ మీద పంపులూ మిషన్లూ అన్నీ ఈ బాబే బాగుసేత్తాడు. మా ఇంట్లో పెళ్లికి నూటయాభై మందికి ఉప్మా సేసినాడు. ఒక్క మెతుకు మిగల్నేదు."

ఫల్గుణ అక్కడే బండ మీద కూలబడ్డాడు. స్టవ్ వెలిగించడం రాని మనిషి. ఉల్లిపాయ కొయ్యడం రాని మనిషి. "మరి కాలేజీలో ఏటీ రానట్టు ఉండేవారేటి సార్?"

మాస్టారు రెంచీలు తుడిచి సంచిలో పెట్టుకున్నారు. "తరగతి అన్నాక ఒకడికి ఏమీ రాకూడదురా. లేకపోతే రానివాళ్లెవరూ నోరు తెరవరు. ఆ ఒకడు పిల్లల్లో ఉండటం కంటే..." అని ఆగి, "పురుగు కుట్టినట్టుంది" అని చెయ్యి గోక్కున్నారు.

అప్పుడు లెక్క తట్టింది ఫల్గుణకి. ఆ వారం కంపు కొట్టింది తన తప్పు. కాలేజీ అంతా గంప మాస్టారని నవ్వింది ఆయన్ని చూసి. తనను చూసి నవ్వినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని ఎంత వెతికినా ఒక్క ముఖం గుర్తు రాలేదు. అలిగి వెళ్లిపోయింది తను. గంప మోసింది ఆయన.

మాస్టారు మార్కుల పట్టిక తీశారు. "ఈ ఊరి సంత ఏ వారం ఫల్గుణా?"

"ఆదోరం సార్. కిందూరిది బుధోరం. ఆ ఎదర కొండకి సంతే నేదు, మా సంతకే వత్తారు."

"ఊ. సోములమ్మా, పని చేసింది నువ్వు. మార్కులు నువ్వే చెప్పు."

"గుంటడు గట్టెక్కాలంటే ఎన్ని కావాలి బాబూ?"

"ఇరవై."

"అయితే ఇరవై ఎయ్యండి."

"ఇంకొక్కటి ఎయ్యొచ్చు కద పిన్నీ," అన్నాడు ఫల్గుణ. "బయట సెప్పుకోడానికి."

"పిడి ఎటు తిప్పాలో రాసినావేటి?"

ఫల్గుణ తువ్వాలు మళ్లీ నోట్లో కుక్కుకున్నాడు. మాస్టారు రెండు గళ్లలోనూ పది చొప్పున వేసి, సంతకం పెట్టి, కాగితం చేతికిస్తూ "బాగుంది" అన్నారు. ఎంత మెల్లగా అన్నారంటే, అది కాగితం గురించో కొండ గాలి గురించో ఇప్పటికీ తేలలేదు. ఫల్గుణ మాత్రం తన గురించే అని ఊరంతా చెప్పాడు.

నెలాఖరుకి ఆయన కురుపాం బస్సెక్కారు. ఫల్గుణకి యూనిట్లో ఉద్యోగం వచ్చింది. జీపు ఉంది, జీతం ఉంది, చొక్కా జేబు మీద పేరు కుట్టించుకున్నాడు కూడా. అయినా పొద్దున్నే పొగమంచులో యూనిట్ తలుపు తీస్తుంటే ఏదో తక్కువైనట్టే ఉండేది.

ఈ ఏడు మొదటి రోజున పై కొండల నుంచి ఆరుగురు ఆడవాళ్లు పనికి వచ్చారు. గోడకి ఆనుకుని నిలబడ్డారు. పేర్లు అడిగితే నేల చూశారు. అందరికంటే వెనక రత్న అనే మనిషి, చేతులు కొంగులో దాచుకుని, ఎప్పుడు తప్పు చేస్తానో, ఎప్పుడు తిడతారో అన్నట్టు నిలబడింది. ఫల్గుణ తన గురించి గంటసేపు చెప్పడానికి ఉపన్యాసం తయారు చేసుకుని వచ్చాడు. నోరు తెరిచాడు. ఎందుకో ఆగిపోయాడు. గంపలోంచి రెండు పండ్లు తీశాడు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చిది.

"పిన్నీ, వీటిల్లో ఏది పండిందో నాకు తెల్దు. కొంచెం సెప్పవా?"

రత్న తలెత్తింది. వెర్రివాణ్ని చూసినట్టు చూసింది. "ఎర్రది" అంది.

"ఎరుపంటే ఎంత ఎరుపు? ఇదా?" అని పచ్చిదే చూపించాడు.

పక్కామె ఫక్కున నవ్వింది. మూడో ఆమె ఆ పండు లాక్కుంది. రత్న కొంగులోంచి చేతులు బయటికి తీసి, గంప ముందుకు జరుపుకుని కూర్చుంది. "ఈ బాబుకి ఏటీ రాదర్రా. ఈడిని సూపర్‌వైజర్ని ఎవులు సేసినారు? రండి, మనమే సూసుకుందుం."

ఫల్గుణ నోటిదాకా మూడు గొప్పలు వచ్చాయి. మూడూ మింగేసి, వాళ్ల మధ్య కింద కూర్చున్నాడు.

కురుపాం ఫోన్ చేసి చెప్పాలని చెయ్యి లాగింది. ఫోన్ తీశాడు, పేరు వరకూ వెళ్లాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు. ఆయనకి చెప్పినా అది గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది కదా. పుట్టి బుద్ధెరిగాక నిజంగా ఒక గొప్ప పని చేస్తే, అది ఎవరికీ చెప్పుకోవడానికి వీల్లేని పనై కూర్చుంది.